బంతి మీద నా వేలు

నా ఎడమ చేతి చూపుడు వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. చపాతీ పిండి కలుపుతుంటే మిగతా నాలుగూ పనిలో ఉంటాయి, అదొక్కటే పెద్దమనిషిలా పక్కన నిలబడి చూస్తుంది. ఏమైందని ఎవరడిగినా కారు తలుపులో పడిందని చెప్పేస్తాను. అసలు సంగతి చెప్పాలంటే ముందు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి చెప్పాలి. గుడిలో ప్రసాదం లైన్లో నిలబడి అంత కథ ఎవరు వింటారు?

ఇక్కడ తీరిక ఉంది కాబట్టి చెబుతాను. ఆ ఆట పేరులో కాలుంది గానీ దాదాపు అందరూ చేతులతోనే ఆడతారు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెడతారు, మిగతావాళ్ళు వెంటపడి మీద పడతారు. జట్టు మొత్తంలో కాలికి పని చెప్పేది ఒకరో ఇద్దరో. వాళ్ళలో ముఖ్యుడు కిక్కర్. ఆటంతా బెంచీ మీద కూర్చుని, అందరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు లేచి వెళ్ళి, రెండు పసుపుపచ్చ స్తంభాల మధ్యనుంచి బంతి పోయేలా ఒక్క తన్ను తన్ని వచ్చేస్తాడు. పెళ్ళి వంటంతా ఇంకెవరో చేస్తే, చివర్న వచ్చి తాలింపు పెట్టి పేరు కొట్టేసేవాడి ఉద్యోగం అది. తాలింపు మాడిందా, ఊరంతా వాణ్ణే తిడుతుంది.

మా అమ్మాయి ఆ ఉద్యోగం కావాలంది.

అప్పటికి దానికి పదహారేళ్ళు. ఐదో ఏటినుంచి సాకర్, అంటే మన దేశంలో ఫుట్‌బాల్ అనే ఆట, ఆడేది. అమెరికాలో మా ఊరు ప్లేనోలో పుట్టిన మన పిల్లలందరూ ఆడతారు, అదేం విశేషం కాదు. బడిలో ఫుట్‌బాల్ కిక్కర్ చదువైపోయి వెళ్ళిపోయాడు. ఇది పక్క మైదానంలో సాకర్ బంతిని ఈ చివర్నుంచి ఆ చివరికి తన్నుతుంటే ఫుట్‌బాల్ కోచ్ చూశాడట. వచ్చి అడిగాడట. ఇది దోసకాయ పప్పు కలుపుకుంటూ మాకు చెప్పింది.

"కాళ్ళు విరగ్గొట్టుకుంటావా? ఆ మగపిల్లలు ఒక్కొక్కడు ఫ్రిజ్ అంత ఉంటాడు," అన్నాను.

"అమ్మా, కిక్కర్‌ని ఎవరూ టచ్ చెయ్యరు. పెనాల్టీ ఉంటుంది."

"కూచిపూడి మూడేళ్ళు నేర్చుకుని మానేశావు. ఇది మూడు నెలలకి మానేస్తావు."

అది గొడవ పడుతుందనుకున్నాను. పడలేదు. ప్లేటులోకి చూస్తూ, "ఐ రియల్లీ వాంట్ దిస్, అమ్మా," అంది.

ఈ పిల్ల పుట్టి బుద్ధెరిగాక నన్ను ఏదీ అడగలేదు. పెట్టింది తింది, కొన్నది తొడుక్కుంది, చేర్పించిన క్లాసుకల్లా వెళ్ళింది. పదహారేళ్ళలో మొదటిసారి నోరు తెరిచి ఒకటి కావాలంది. అలా అని వెంటనే ఒప్పేసుకుంటే నేను నేనెందుకవుతాను? రెండు రోజులు మొహం గంటు పెట్టుకుని తిరిగి, మూడో రోజు ఒప్పుకున్నాను.

పోటీకి ఇంకో కుర్రాడున్నాడు. వాడి తొడ నా నడుమంత. ఆగస్టులో రెండో శనివారం పరీక్ష పెడతానని కోచ్ చెప్పాడు. ఒక్కొక్కరికి పది తన్నులు. ఎవరివి ఎక్కువ స్తంభాల మధ్యనుంచి వెళితే వాళ్ళే ఆ ఏడు కిక్కర్. రెండోవాళ్ళు బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలు అందించుకోవచ్చు.

వేసవంతా మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. తన్నడం అంటే ఊరికే తన్నడం కాదని నాకు అప్పుడే తెలిసింది. బంతి దగ్గర నిలబడి వెనక్కి మూడడుగులు, పక్కకి రెండడుగులు. అక్కడినుంచి వచ్చి, తన్నని కాలిని బంతికి పక్కగా జానెడు దూరంలో ఆనించాలి. దాని బొటనవేలు స్తంభాలవైపే చూడాలి. తన్నే కాలి చీలమండ బిగించాలి. వేళ్ళతో తన్నకూడదు, బూటు లేసుల కింద పాదం పైన గట్టిగా తగిలే ఎముకతో తన్నాలి. అన్నిటికన్నా ముఖ్యం, తల ఎత్తకూడదు. బంతి ఎటు పోయిందో చూడాలన్న ఆత్రం ఉన్నవాడికి బంతి పక్కకే పోతుందట. ఫలితం సంగతి నీకెందుకు, పని చూసుకో అని మన పెద్దవాళ్ళు చెబితే ఎవరూ వినలేదు. కోచ్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ చెబితే పిల్లలందరూ నోట్స్ రాసుకున్నారు.

ముందు అడుగులే వెయ్యకుండా, నిలబడ్డచోటే కాలు ఊపి యాభై తన్నులు. తరవాత ఒక్క అడుగు వేసి యాభై. ఆ తరవాతే పూర్తి తన్ను. వెనక పెరట్లో కాలు ఆనించాల్సిన చోట సుద్దపొడితో గీత గీసుకుంది. దాని కాలి దెబ్బలకి అక్కడ గడ్డి చచ్చి బట్టతల పడింది. దోసపాదు ఆ వేసవి కాపు కాయలేదు. నేనేమీ అనలేదు. అంటే, రోజూ అనలేదు.

ఇంట్లోనూ, స్తంభాలున్న ఊరి పార్కులోనూ బంతిని నిలబెట్టడానికి మూడు కాళ్ళ ఇనప స్టాండు ఒకటి ఉండేది. దాని మీద బంతి పెట్టి తంతే మా అమ్మాయికి తిరుగులేదు. నలభై గజాలనుంచి కూడా గురి తప్పకుండా పంపేది. కానీ ఆటలో స్టాండు ఉండదు. జట్టులో ఒక మనిషి మోకాలి మీద కూర్చుని, ఎవరో వెనక్కి విసిరిన బంతిని పట్టుకుని, నేలమీద నిలబెట్టి, కొసన ఒక్క వేలు ఆనించి పట్టుకుంటాడు. కిక్కర్ పరిగెత్తుకొచ్చి ఆ వేలి కింద ఉన్న బంతిని తన్నాలి. బడిలో ఆ పని చేసే కుర్రాడు ఆరడుగుల పొడుగు, నెమ్మదస్తుడు, మా ఇంటి జంతికలంటే పడి చచ్చేవాడు. వాడు వేలు పెట్టి పట్టుకున్నాడంటే చాలు, ఇరవై ఐదు గజాలనుంచి కూడా మా అమ్మాయి బంతి స్తంభాలదాకా పోకుండా కూలబడేది.

స్టాండు అయితే నలభై, మనిషి అయితే ఇరవై ఐదు కూడా లేదు. కోచ్‌కి అర్థం కాలేదు. దానికీ అర్థం కాలేదు. ప్రాక్టీసునుంచి వచ్చి బూట్లు గరాజ్‌లో విసిరేసి, గదిలోకి పోయి తలుపేసుకునేది. పరీక్ష మూడు వారాల్లోకి వచ్చేసింది.

ఆ రోజుల్లోనే ఒకసారి దాన్ని తీసుకురావడానికి వెళితే, జంతికల కుర్రాడు కారు దగ్గరికొచ్చి, "మ్యామ్, మీ అమ్మాయి నా చెయ్యి ముట్టుకుని తన హెల్మెట్ ముట్టుకుంటుంది. ఆ సిగ్నల్‌కి అర్థమేమిటి?" అని అడిగాడు. నాకేం తెలుసు! ఫుట్‌బాల్‌లో సవాలక్ష సిగ్నల్స్. "అదృష్టం కోసమేమో," అన్నాను. మర్నాటికి జట్టులో సగం మంది ఒకరి చెయ్యి ఒకరు ముట్టుకుని హెల్మెట్లు ముట్టుకోవడం మొదలుపెట్టారు.

మావారు సమస్య అనే మాట వింటే చాలు, నిద్రలోంచి లేచి కూర్చునే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఫోన్‌లో స్లో మోషన్‌లో వీడియోలు తీసి, లాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి, గీతలు గీసి, రెండు రాత్రుల తరవాత వరంగల్ గొంతుతో ప్రకటించారు. "స్టాండు ఉంటే ఆనే కాలు కరెక్టుగ పడుతున్నది. మనిషి ఉంటే ఆరంగుళాలు దూరం పడుతున్నది. తన్నే కాలు గూడ చివర్ల స్లో అయితున్నది."

"ఎందుకు?"

"అది డేటాల లేదు."

ఎందుకో తెలియకపోయినా, మనిషి పట్టుకుంటే తన్నడం అలవాటు కావాలి కదా. ఇంట్లో ఎవరో ఒకరు పట్టుకోవాలి. మావారికి మోకాళ్ళు వంగవు, పైగా వీడియో తియ్యాలి. మిగిలింది నేను. పొద్దున్నే ఆరున్నరకి, ఎండ ఇంకా చంపడం మొదలుపెట్టకముందే, పార్కులో యోగా చాప పరుచుకుని మోకాలు ఆనించి కూర్చునేదాన్ని. బంతి కుట్లు స్తంభాలవైపు తిప్పి, కొంచెం వంచి, ఎడమ చేతి చూపుడు వేలు కొసన ఆనించాలి. చేత్తో పట్టుకోకూడదు, నొక్కకూడదు, కదలకూడదు. చెప్పడానికి నాలుగు ముక్కలే. అడుగున ముళ్ళున్న బూటు ఒకటి మీదికొస్తుంటే తెలుస్తుంది.

మొదటి రోజు అది పరిగెత్తుకురాగానే చెయ్యి లాగేసుకున్నాను. బంతి పడిపోయింది. అది గాలిని తన్ని, వెల్లకిలా పడింది.

"అమ్మా!"

"నేనేం చెయ్యలేదు, అదే పడింది."

"నువ్వు చెయ్యి గుంజుకున్నవ్, వీడియోల ఉన్నది," అన్నారు మావారు చెట్టు నీడలోంచి. పెళ్ళైనప్పటినుంచీ నేనన్న మాటలు తప్పని చూపించడానికి ఆయన దగ్గర సాక్ష్యం లేదు. ఆ వేసవిలో దొరికింది.

రెండో రోజు వంటింట్లోంచి ఓవెన్ గ్లౌజు తెచ్చి చేతికి తొడుక్కున్నాను. ఎర్రది, మీద మిరపకాయల బొమ్మలుంటాయి. కుక్కల్ని తిప్పుకుంటూ పోయే తెల్లవాళ్ళు ఆగి చూసి, మర్యాదగా నవ్వి వెళ్ళిపోయేవారు. గ్లౌజుతో కొంత ధైర్యం వచ్చింది. పది సార్లలో ఆరుసార్లు చెయ్యి తియ్యకుండా ఉండగలిగాను. అయినా బంతి పోవడంలేదు.

ఒక ఆదివారం ఆ ఆరంగుళాలు తగ్గించి తన్నమని వాళ్ళ నాన్న మరీ మరీ చెప్పారు. అది దగ్గరగా వచ్చి తన్నింది. బూటు కొస నా గ్లౌజుకి ఇలా రాసుకుంది. దెబ్బేం కాదు, తగిలీ తగలనట్టు. అది వెంటనే ఆగింది. వంగింది. నా చేతిని ముట్టుకుని, ఆ వేళ్ళని కళ్ళకద్దుకోబోయింది. హెల్మెట్ ముందుండే ఇనప జాలీ అడ్డొచ్చి వేళ్ళు టక్‌మని దానికి కొట్టుకున్నాయి. ఏమీ జరగనట్టు వెనక్కి నడిచి, మూడడుగులు లెక్కపెట్టుకుంటోంది.

"ఇప్పుడేం చేశావు?" అన్నాను.

"మిస్ చేశాను. ఐ నో."

"అది కాదు. నా చెయ్యి ముట్టుకుని ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదే?"

నిజంగా దానికి తెలియదు. ముగ్గురం ఫోన్ మీదికి వంగి నాలుగు సార్లు చూశాం. స్లో మోషన్‌లో, హెల్మెట్ పెట్టుకున్న నా కూతురు ఎంతో భక్తిగా ఓవెన్ గ్లౌజుకి దండం పెట్టుకుంటోంది. జంతికల కుర్రాడు అడిగిన సిగ్నల్ అదే.

నేను చాప మీద అలాగే కూలబడ్డాను. దానికి రెండేళ్ళప్పుడు నేల మీద కూర్చుని ఉన్న నా ఒళ్ళో కాలు పెట్టింది. దాని చిట్టి చెయ్యి పట్టుకుని, నన్ను ముట్టించి, దాని కళ్ళకి అద్దించాను. పుస్తకం తొక్కితే అద్దించాను. పేపర్ తొక్కితే అద్దించాను. అమెరికాలో పుట్టినా మన పిల్ల మన పిల్లలా పెరగాలని పంతం. ఎంత బాగా నేర్చుకుందంటే, డేకేర్‌లో ఏ పిల్లాడికి కాలు తగిలినా వాణ్ణి ముట్టుకుని కళ్ళు ముట్టుకునేది. టీచరు నన్ను పిలిచి, పాపకి కళ్ళు దురదగా ఉన్నాయా, అంటుకునే జబ్బేమైనా ఉందేమో డాక్టర్‌కి చూపించి చీటీ తెమ్మంది. ఆ కథ నేను ఎన్ని పుట్టినరోజు పార్టీల్లో గర్వంగా చెప్పుకున్నానో!

మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు. మొక్కగా ఉన్నప్పుడే వంచాను. ఇప్పుడు నిటారుగా నిలబడి మనిషి చేతిలోని బంతిని ఎగిరేలా తన్నమంటే ఎలా తన్నుతుంది? ఇనప స్టాండుని తొక్కితే పాపం రాదు కాబట్టి దాన్ని ధైర్యంగా తన్నింది. జబ్బు దాని కాలిలో లేదు, నా పెంపకంలో ఉంది.

"నేర్పింది నువ్వేనాయె," అన్నారు మావారు, ఇంటికొచ్చాక.

"అవును, నేనే. మీరు నేర్పింది ఒక్కటి చెప్పండి."

ఆయన లాప్‌టాప్ మూసి గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. నేను గిన్నెలు తోముతూ కాసేపు ఏడ్చాను. నా బిడ్డ అడిగిన ఒకే ఒక్క కోరికకి అడ్డం పడింది నేనేనని తెలిశాక కోపం చూపించుకోవడానికి గిన్నెలు తప్ప ఇంకెవరూ దొరకలేదు.

మర్నాడు పార్కులో, "ఆటలో పరవాలేదమ్మా, దోషం లేదు, తన్ను," అన్నాను.

"ఐ నో. లాజికల్‌గా నాకు తెలుసు. బట్ నా లెగ్‌కి తెలీదు."

నా నోటికీ సరిగ్గా తెలియదని అప్పుడు కనిపెట్టాను. "బంతిని తన్ను" అనగలను. "నా చేతికి తగిలినా సరే తన్ను" అనబోయి చాప సర్దుకుంటున్నాను. మూడు రోజులు అలాగే గడిచాయి. అది ఆరంగుళాలు దూరం జరిగేది, నేను చెయ్యి లాక్కునేదాన్ని. తల్లీకూతుళ్ళం ఒకరినొకరు కాపాడుకుంటూ బంతిని గాలికొదిలేశాం.

పరీక్ష ఇంక రెండు రోజులుందనగా, గురువారం తెల్లవారుజామున లేచాను. మంచం దిగేముందు వంగి నేలని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. భూదేవిని కాలితో తొక్కుతున్నందుకు క్షమించమని అడగడం నాకు చిన్నప్పటి అలవాటు. ముప్పై ఏళ్ళకి పైగా చేస్తున్నా. అడిగి, ఒక కాలు కింద పెట్టి, అక్కడే ఆగిపోయాను.

రోజంతా ఎన్ని వేల అడుగులు వేస్తాను? అడుగడుగుకీ వంగి అడుగుతున్నానా? పొద్దున్నే ఒక్కసారి అడిగేసి, రాత్రిదాకా దర్జాగా తొక్కుతూ తిరుగుతున్నాను. భూదేవి ఒక్కనాడూ అభ్యంతరం చెప్పలేదు.

పరిగెత్తి వెళ్ళి దాని దుప్పటి లాగేశాను. పార్కుకి వెళ్ళేదాకా చెప్పలేదు, కారులో చెబితే సగం వింటుంది. యోగా చాప మీద కూర్చున్నాక చెప్పాను. "కాలు తగిలాక కాదు, ముందే అడిగెయ్యి. హెల్మెట్ తియ్యి. నా చెయ్యి ముట్టుకుని కళ్ళకద్దుకో. ఇంక ఈ రోజంతా ఎన్నిసార్లు తగిలినా లెక్క లేదు."

"ఓ. డాన్స్ క్లాస్‌లో లాగా. స్టాంపింగ్‌కి ముందే భూమికి సారీ చెప్తాం కదా, అలా."

మూడేళ్ళ కూచిపూడి ఎక్కడికీ పోలేదు. ఆ మాట పైకి అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది నా జీవితంలో అరుదైన సంఘటన.

"మిగిలిపోతే ఫోన్ డేటాలా రేపటికి రోలోవర్ అవుతుందా?"

"అవ్వదు. రేపు మళ్ళీ పెట్టుకోవాలి."

నవ్వింది. హెల్మెట్ తీసి, నా ముందు కూర్చుని, నా ఎడమ చేతిని రెండు చేతులతో ముట్టుకుని కళ్ళకద్దుకుంది. రెండేళ్ళప్పటి మొహమే. నేను ఓవెన్ గ్లౌజు తీసి పక్కన పెట్టాను. అడగాల్సింది అది అడిగినప్పుడు, ఇవ్వాల్సింది నేను సరిగ్గా ఇవ్వాలి కదా.

మొదటి మూడూ పాత పద్ధతిలోనే పోయాయి. నాలుగోది తన్నినప్పుడు చప్పుడు మారింది. అప్పటిదాకా టప్‌మనేది, అది దబ్‌మంది. బంతి లేచి, స్తంభాల మధ్యనుంచి పోయి, అవతల పార్కింగ్‌లో పడింది. ఐదోదీ పోయింది. ఆరోదీ పోయింది. మావారు చెట్టు నీడలోంచి బయటికి వచ్చి ఎండలో నిలబడ్డారు.

ఏడో తన్ను నా వేలికి తగిలింది.

నొప్పి మోచేతిదాకా పాకింది. కళ్ళముందు చుక్కలు కనిపించాయి. అరవడానికి నోరు తెరిచి, దాని వీపు చూసి మూసేశాను. అది తల దించుకునే ఉంది, బంతినే తన్నాననుకుంటోంది. ఇప్పుడు అబ్బా అన్నానంటే దాని కాలు జన్మలో మనిషి దగ్గరికి రాదు. ఇంకో బంతి తీసుకుని, అదే వేలు ఆనించాను. ఎనిమిదో తన్ను కూడా దానికే తగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ రోజు నాకు ప్లేనోలో తెలిసింది. పదో తన్నుదాకా కూర్చున్నాను. చెయ్యి తియ్యలేదు.

అది ప్రాక్టీసుకి వెళ్ళాక మావారు నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఎలా తగిలిందని నర్సు అడిగింది. "మా అమ్మాయి తన్నింది," అన్నాను. ఆమె టైప్ చెయ్యడం ఆపేసింది. మావారిని బయట కూర్చోమంది. తలుపేసి, గొంతు తగ్గించి, ఇంట్లో మీకు క్షేమంగానే ఉంటుందా అని అడిగింది. నేనే తన్నమన్నానంటే ఆమె మొహం ఇంకా గంభీరమైపోయింది. చివరికి శానిటైజర్ సీసాని నేలమీద నిలబెట్టి, మోకాలి మీద కూర్చుని, వాచిపోయిన వేలుతో మొత్తం ఆట చూపించాల్సి వచ్చింది. అప్పుడు నమ్మింది. ఎముక కొంచెం చిట్లిందని పట్టీ కట్టారు. ఇంక ఎవరికీ నిజం చెప్పకూడదని ఆ గదిలోనే నిర్ణయించుకున్నాను. సాయంత్రం మా అమ్మాయి పట్టీ చూసి ఏమైందంది.

"కారు తలుపులో పడింది."

"ఓ నో. ఐస్ పెట్టావా?" అని, నాకు అన్నం తనే కలిపిచ్చింది.

శనివారం మైదానం మెట్ల మీద తల్లిదండ్రులందరం కూర్చున్నాం. పోటీ కుర్రాడు ముందు తన్నాడు. పదిలో ఆరు వెళ్ళాయి. తరవాత మా అమ్మాయి వచ్చింది. హెల్మెట్ తీసింది. జంతికల కుర్రాడి ముందు కూర్చుని వాడి చెయ్యి ముట్టుకుని కళ్ళకద్దుకుంది. వాడికి ముందే చెప్పి ఉంచిందేమో, "యెస్ మ్యామ్," అని తల ఊపాడు. అది చూసి బంతి విసిరే కుర్రాడు కూడా తన చెయ్యి చాపాడు. వాడి పక్కనున్న ఫ్రిజ్‌లు కూడా వరసగా చేతులు చాపాయి. కోచ్ గింజలు నమలడం ఆపేసి చూస్తున్నాడు. మా అమ్మాయి అందరివీ ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

తొమ్మిది తన్నుల్లో ఏడు వెళ్ళాయి. అప్పటికే గెలిచిందని మావారు గొణుగుతూనే ఉన్నారు గానీ నా చెవికెక్కితే కదా. పదోది నలభై గజాలనుంచి. అది మూడడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకి వేసింది. నేను లేచి నిలబడ్డాను. అది కాలెత్తగానే నా కాలూ లేచింది. బంతి లేచింది, నా కాలు వెళ్ళి ముందు మెట్టు మీద కూర్చున్న పెద్దాయన వీపుకి దబ్‌మని తగిలింది.

బంతి లోపలినుంచి పోయింది. అందరూ అరుస్తున్నారు. నేను మాత్రం వంగి, ఆ పెద్దాయన భుజం ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, కింద మైదానంలో హెల్మెట్లు ముట్టుకుంటున్న పిల్లల్ని చూసి, ఇదేదో ఈ బడి ఆచారమనుకుని నా భుజం ముట్టుకుని తన టోపీ ముట్టుకున్నాడు.

స్తంభాల మధ్యకి తన్నే పని అంతా మా అమ్మాయికి, ఆట మొదట్లో దూరంగా తన్నే పని ఆ కుర్రాడికి ఇచ్చాడు కోచ్. నీళ్ళ సీసాల పని ఎవరికీ పడలేదు. జర్సీ చేతిలో పట్టుకుని అది మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. దాని మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "అమ్మా, నేను చూశాను. యూ కిక్డ్ హిమ్! ముందే అడగాలి కదా," అని పడీపడీ నవ్వింది.

ఇంటికి అదే డ్రైవ్ చేస్తానంది, నా చేతికి పట్టీ కదా. మావారు తన కారులో ముందు వెళ్ళిపోయారు. అది నా వైపు తలుపు తీసి పట్టుకుని, నేను కూర్చున్నాక, "వేలు లోపల పెట్టుకో," అని మెల్లగా వేసింది. తను వచ్చి కూర్చుని, సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, "నాన్న నాకు గురువారం నైటే వీడియో చూపించాడు. సెవెంత్ కిక్. ఎయిత్ కూడా," అంది.

నాకు మావారి పీక పిసకాలనిపించింది. రెండు రోజులు నేను పళ్ళ బిగువున దాచుకున్నది, ఆయన స్లో మోషన్‌లో చూపించేశారు. అంటే ఇది నా వేలు విరగ్గొట్టానని తెలిసే ఈ రోజు వెళ్ళి, ఇంకొకడి వేలి కింద బంతిని తన్నింది.

"తెలిశాక మరి భయం వెయ్యలేదా?" అన్నాను.

"వేసింది. కానీ నువ్వు చెయ్యి తియ్యలేదు కదా," అంది అద్దం సరిచేసుకుంటూ, కారు వెనక్కి తీస్తూ.